వాడకు పేరు, పేరుకు బడి

నగరంలో ఒక పేటకు ఎవరు పేరు పెట్టారన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. ఆ ప్రశ్న వెంట నడిస్తే ఆ నగరం ఎవరిదన్న పెద్ద ప్రశ్న దగ్గరికి చేరుకుంటాం. హైదరాబాద్ పటాన్నే చూద్దాం. బేగంపేట, బేగం బజార్ పాలక కుటుంబాల స్త్రీలను గుర్తుచేసే పేర్లు. మలక్‌పేట కుతుబ్‌షాహీల కాలం నాటి ఒక కొలువుదారును తలపిస్తుంది. ఘాస్‌మండీ గడ్డి అమ్మిన చోటు, చూడీ బజార్ గాజులు అమ్మిన చోటు. రాణికి, కొలువుదారుకు, చివరికి సరుకుకు కూడా ఈ నగరం తన నేల మీద పేరుగా చోటిచ్చింది. ఆ గడ్డి మోసినవారికి, వీధులు ఊడ్చినవారికి, దొరల ఇళ్లలో ఊడిగం చేసినవారికి మాత్రం అలాంటి చోటు దొరకలేదు. వారి నివాసానికి కులమే చిరునామా అయింది. తెలుగు నోట అది మాలవాడ, మాదిగవాడ. దక్కనీ నోట ‘ధేడ్’ అన్న ఈసడింపు మాట.

పేరు లేనివారి తరఫున పేరు కోసం, ఆ పేరు కింద ఒక బడి కోసం, ఒక భవనం కోసం, ఒక పత్రిక కోసం జీవితమంతా పనిచేసిన మనిషి మాదరి భాగ్యరెడ్డి వర్మ. ఆయన 1888 మే 22న హైదరాబాద్‌లో పుట్టి 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు. యాభయ్యేళ్లు మాత్రమే బతికిన ఆయన కథ ఒక వ్యక్తి కథ మాత్రమే కాదు. మూసీకి ఉత్తరాన కోఠీ, ఇసామియా బజార్, చాదర్‌ఘాట్‌ల మధ్య విస్తరించిన ఒక నగర ప్రాంతపు చరిత్ర కూడా. ఆ ప్రాంతాన్ని పక్కన పెట్టి ఆయనను, ఆయనను పక్కన పెట్టి ఆ ప్రాంతాన్ని అర్థం చేసుకోలేం.

దొరల కోఠీ పక్కన

పాత నగరం మూసీకి దక్షిణాన ఉంది. పందొమ్మిదో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ నదికి ఉత్తరపు ఒడ్డున తెల్లని స్తంభాలతో ఒక మహాభవనం కట్టించాడు. జనం దాన్ని కోఠీ అన్నారు. ఆ ఒక్క భవనం పేరే క్రమంగా ఒక ప్రాంతం మొత్తానికి పేరయింది. దాని చుట్టూ రెసిడెన్సీ బజార్లు వెలిశాయి. పేరుకు నిజాం రాజ్యంలోనే ఉన్నా, అక్కడ చెల్లింది రెసిడెంట్ మాట. 1933లో ఆ బజార్లు తిరిగి నిజాం పాలనలోకి వచ్చాయి. అప్పటి నుంచి రెసిడెన్సీ బజార్ సుల్తాన్ బజార్ అయింది. అధికారం చేతులు మారగానే వీధి పేరు మారిందన్న మాట. దుకాణాలు అవే, ఇళ్లు అవే, మనుషులు అవే.

తెల్లదొరల భవనాలున్న చోట వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, గుర్రపుశాలలో పనిచేసేవాళ్లు, బట్లర్లు కావాలి. సవర్ణులు దొరల ఇంట మాంసం వండడానికి, ఎంగిలి పళ్లేలు ఎత్తడానికి వెనుకాడిన రోజుల్లో ఆ పనులు మాల, మాదిగ కుటుంబాలకు దక్కాయి. పల్లెలో వెట్టి తప్ప జీతం ఎరగని మనిషికి ఇక్కడ నెల జీతం కనిపించింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోనూ అదే పరిస్థితి. హైదరాబాద్ రాజ్యంలో దళిత ఉద్యమం పల్లెలో కాక నగరంలో, అందులోనూ రెసిడెన్సీ, కంటోన్మెంట్ పరిసరాల్లో మొదట తలెత్తడానికి ఈ జీతపు కొలువే ఒక పునాది. వెట్టి చేసేవాడికి సంఘం పెట్టే తీరిక ఉండదు, చందా ఇచ్చే పైసా ఉండదు.

భాగయ్య భాగ్యరెడ్డి అయిన వైనం

మాదరి వెంకయ్య, రంగమాంబల కుమారుడికి ఇంట్లో పెట్టిన పేరు భాగయ్య. ఆ రోజుల్లో అంటరాని కులాల పిల్లల పేర్లను ఊరు పూర్తిగా పలికేది కాదు. ‘అయ్య’ అన్న చివరి అక్షరాలను తుంచి ‘గాడు’ తగిలించడం ఆచారం. మంచి పేరు పెట్టుకోవడం కూడా తలపొగరుగా చెల్లిన కాలమది. అలాంటి కాలంలో కుటుంబ గురువైన ఒక శైవుడు ఈ పిల్లవాడిని భాగ్యరెడ్డి అని పిలవమన్నాడు. రెడ్డి అన్న మాటకు ‘రేడు’ మూలమనీ, రేడు అంటే పాలకుడనీ, ఈ నేలను ఆర్యుల రాకకు ముందు ఏలినవారు వీరేననీ ఆయన చెప్పిన కారణం. భాషాశాస్త్ర రీత్యా ఆ వ్యుత్పత్తి ఎంతవరకు నిలుస్తుందన్న చర్చ ఇక్కడ అనవసరం. భూమి మీద గుత్తాధిపత్యం ఉన్న కులం పేరును భూమి లేని కులపు పిల్లవాడికి పెట్టి, ఇది మీ పేరు కాదు, మొదట మాదే అనడంలోని సాహసం గమనించాలి.

‘వర్మ’ తరువాత వచ్చింది. ఆయన సంఘసేవను గుర్తించి ఆర్యసమాజం 1913లో ఆ బిరుదు ఇచ్చింది. అది క్షత్రియులు ధరించే మాట. అంటే ఆయన పూర్తి పేరులో తల్లిదండ్రులు పెట్టిన మాట ఒకటి, గురువు చేర్చింది ఒకటి, సంస్కర్తలు తగిలించింది ఒకటి. చివరి రెండూ పై కులాల గౌరవ చిహ్నాలే. ఈ వైరుధ్యాన్ని నేటి విద్యార్థి చటుక్కున పట్టుకుంటాడు. అంటరానితనంపై పోరాడిన మనిషి రెడ్డి అనీ వర్మ అనీ ఎందుకు పిలిపించుకున్నాడని అడుగుతాడు. అడగదగిన ప్రశ్నే. జవాబు ఆయన తరువాత చేసిన పనిలో వెతకాలి. తన ఒక్కడి పేరు మారితే చాలనుకున్న మనిషి అక్కడితో ఆగేవాడు. ఆయన ఆగలేదు.

సికింద్రాబాద్‌లో డోస్ శాంటోస్ అనే రోమన్ కేథలిక్ న్యాయవాది ఇంట భాగ్యరెడ్డి పనికి కుదిరారు. ఆ ఇంట ఆయనకు దొరికిన జీతం కన్నా విలువైనది చదువు. పుస్తకాలు, పత్రికలు, దేశంలో జరుగుతున్న సంగతులు అక్కడే చేతికి అందాయి. ఏ పాఠశాలా తలుపు తీయని కులంలో పుట్టిన యువకుడు ఒక యజమాని ఇంటి పుస్తకాల గదిలో చదువుకున్నాడు. అది అదృష్టం. అదృష్టం ఒక్కడికి దొరుకుతుంది, వేలమందికి దొరకదు. వేలమందికి కావలసింది బడి. ఈ తేడాను ఆయన చాలా చిన్న వయసులోనే గ్రహించారు.

మండలి, సంఘం, బడి

1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో ఆయన జగన్మిత్ర మండలి స్థాపించారు. దాని పని హరికథలు, భజనలు, ఉపన్యాసాల ద్వారా వాడల్లో చైతన్యం కలిగించడం. చదువు రాని జనానికి కరపత్రం పనికిరాదు. మాలదాసరుల పాట, కథ చెప్పే తీరు వారికి తరతరాలుగా తెలిసినవి. తెలిసిన గొంతులోనే కొత్త మాట చెప్పించారు. మద్యం మానాలనీ, బాల్యవివాహాలు చేయవద్దనీ, ఆడపిల్లలను దేవత పేరిట జోగినులుగా విడవవద్దనీ ఆ మాట సాగింది.

1911లో జగన్మిత్ర మండలి మాన్య సంఘంగా మారింది. జగన్మిత్ర అన్నది లోకానికంతటికీ స్నేహితులమని చేయి చాచే పేరు. మాన్య అన్నది గౌరవించదగినవారమని తల ఎత్తే పేరు. అయిదేళ్లలో ఆ స్వరం మారింది. 1921లో అదే సంస్థ ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. ఇక అది స్నేహం అడగలేదు, మర్యాద అడగలేదు. మొదటి నుంచీ ఈ నేల మాదని చెప్పింది. పదిహేనేళ్లలో మూడు పేర్లు. పేరు మారిన ప్రతిసారీ రాజకీయం ఒక మెట్టు ఎక్కింది.

ఈ మూడు పేర్ల మధ్య స్థిరంగా నిలిచిన పని ఒకటుంది. 1910లో ఇసామియా బజార్‌లోనూ, నగరంలోని లింగంపల్లిలోనూ ఆయన అంటరాని కులాల పిల్లల కోసం బడులు తెరిచారు. బోధన తెలుగులో. క్రమంగా ఆ బడుల సంఖ్య 26కు పెరిగింది. వాటిలో సుమారు రెండున్నర వేల మంది పిల్లలు చదువుకున్నారు. కాలక్రమంలో ప్రభుత్వం వాటిని తన నిర్వహణలోకి తీసుకున్నది.

ఈ అంకెల ప్రాముఖ్యం తెలియాలంటే అప్పటి విద్యావ్యవస్థను గుర్తుచేసుకోవాలి. 1880ల నుంచి రాజ్యంలో అధికార భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య కూడా ఉర్దూలోనే మొదలైంది. రాజ్యంలో అతి ఎక్కువ మంది మాట్లాడే తెలుగుకు బడిలో చోటు తక్కువ. అలాంటి రాజధాని నడిబొడ్డున అంటరాని పిల్లలు తెలుగు అక్షరాలు దిద్దుతున్నారు. ఇంట మాట్లాడే భాషలోనే చదువు మొదలు కావాలని విద్యావేత్తలు ఇప్పటికీ వాదిస్తున్నారు. ఇసామియా బజార్‌లో ఆ పని 1910లోనే జరిగింది.

తెలంగాణలో తెలుగు భాషాభిమాన చరిత్రను మనం ఎలా చెప్పుకుంటున్నాం? 1901లో ఇదే రెసిడెన్సీ ప్రాంతంలో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయంతో మొదలుపెడతాం. 1921లో వివేకవర్ధినిలో జరిగిన సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను గేలి చేశారనీ, ఆ అవమానం నుంచి ఆంధ్ర జన సంఘం పుట్టిందనీ చెబుతాం. రెండూ నిజాలే, రెండూ గొప్ప ఘట్టాలే. ఈ రెంటి నడుమ, అదే ప్రాంతంలో, నడిచిపోగల దూరంలో ఉన్న తెలుగు బడులు మాత్రం ఆ కథనంలో అరుదుగా కనిపిస్తాయి. అవి దళితోద్యమ చరిత్ర అనే వేరే అరలో ఉంటాయి. గ్రంథాలయం పెట్టినవారు భాషకు సేవ చేసినవారయ్యారు. బడి పెట్టినవాడు తన కులానికి సేవ చేసినవాడయ్యాడు. ఒకే ప్రాంతపు చరిత్రను ఊరు, వాడగా విడదీసి రాయడం అంటే ఇదే. వెలి అనేది నేల మీదనే కాదు, చరిత్ర పుస్తకంలోనూ ఉంటుంది.

పంచములు ఎవరు?

ఆయన పేరు నగరం దాటి దేశానికి తెలిసిన ఘట్టం 1917లో బెజవాడలో జరిగింది. గూడూరు రామచంద్రరావు ప్రభృతుల పూనికతో ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాజన సభ ఏర్పాటయింది. దానికి అధ్యక్షుడిగా భాగ్యరెడ్డి వర్మను పిలిచారు. ఆ సభ జరుగుతున్న రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూశారన్నది ఉద్యమ స్మృతిలో నిలిచిపోయిన సంగతి.

సభ పేరులో పంచమ అన్న మాట ఉంది. అధ్యక్ష పీఠం నుంచి ఆయన మొదట ప్రశ్నించింది ఆ మాటనే. వర్ణాలు నాలుగే అయినప్పుడు అయిదవది ఎక్కడి నుంచి వచ్చింది? పురాణాలలో గానీ శాస్త్రాలలో గానీ ఈ అయిదో వర్ణానికి ఆధారమేమిటి? ఇతరులు తమ లెక్కలో చివర తగిలించిన అంకెను మనం పేరుగా ఎందుకు మోయాలి? ఈ ప్రాంతపు తొలి నివాసులు వీరేనన్నది ఆయన వాదం. కాబట్టి ఆది ఆంధ్రులు అన్నదే తగిన పేరన్నారు. సభ ఆ పేరును ఆమోదించింది. పంచమ సభగా మొదలైనది ఆది ఆంధ్ర సభగా ముగిసింది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా పాత తిట్టు పేర్ల స్థానంలో ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లను అధికారికంగా స్వీకరించింది.

ఇక్కడ జరిగింది మర్యాదపూర్వకమైన ఒక మాటను వెతుక్కోవడం మాత్రమే కాదు. పంచమ అన్న మాట మనిషిని వర్ణక్రమంలో ఒక స్థానానికి కట్టివేస్తుంది. ఆది ఆంధ్ర అన్న మాట అతన్ని కాలంలో, నేల మీద నిలబెడుతుంది. మొదటి దానిలో అతను చివరివాడు, రెండో దానిలో మొదటివాడు. వాడ ఊరి చివర ఉంటుంది. ఊరి కన్నా ముందే వాడ ఉందని చెప్పడం ఆ పేరు వెనుక ఉన్న వాదం. ఉత్తరప్రదేశ్‌లో స్వామి అచ్యుతానంద ఆది హిందూ ఉద్యమం, పంజాబ్‌లో మంగూరామ్ ఆద్ ధర్మ్, తమిళనాట ఆది ద్రావిడ చైతన్యం ఇదే ఆలోచనకు వేర్వేరు రూపాలు. ఈ ఉద్యమాలకు హైదరాబాద్‌లో కేంద్రం మూసీ ఉత్తరపు ఒడ్డు.

ఆది హిందూ అన్న పేరులోని హిందూ అన్న మాట నేటి పాఠకుణ్ణి తడబరుస్తుంది. వర్మ దాన్ని మతం పేరుగా వాడలేదు. ఈ దేశంలో ఉన్నవారిని బయటివారు పిలిచిన పేరు హిందువు అని, ఆ దేశపు ఆదిమవాసులు కనుక ఆది హిందువులని ఆయన వివరణ. ఆయన బుద్ధుణ్ణి గౌరవించి వైశాఖ పౌర్ణమి ఉత్సవాలు జరిపారు. బ్రహ్మసమాజం, ఆర్యసమాజాలతో మెలిగారు, ఏ ఒక్కదానిలోనూ కరిగిపోలేదు. 1930లో లక్నోలో జరిగిన అఖిల భారత ఆది హిందూ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. రౌండ్ టేబుల్ సమావేశానికి అణగారిన వర్గాల ప్రతినిధిగా డాక్టర్ అంబేడ్కర్ ఉండాలని ఆ సభ నిలబడింది.

1931 జనగణనలో నిజాం ప్రభుత్వం ఆది హిందువు అన్న పేరును స్వీకరించింది. ఇంటింటికీ తిరిగిన లెక్కల గుమాస్తా ధేడ్ అని రాసే చోట ఆది హిందువు అని రాయవలసి వచ్చింది. ఒక బజారులో మొదలైన మాట ప్రభుత్వ రికార్డులోకి ఎక్కడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. బడికి 21 ఏళ్లు నిండిన తరువాతే అది జరిగింది. ఆ పేరు నిలబడటానికి వెనుక ఆ బడిలో చదువుకున్న ఒక తరం ఉంది.

భవనం, పత్రిక

చాదర్‌ఘాట్‌లోని ఆది హిందూ భవనం ఈ కృషికి కంటికి కనిపించే గుర్తు. ఒక ఇటుక గోడ మీద ఆది హిందూ అన్న అక్షరాలు ఉండటం చిన్న విషయం కాదు. సభ పెట్టుకోవడానికి సత్రం దొరకని, హోటల్‌లో వేరే గ్లాసు పెట్టే కాలంలో తమ పేరున తమకో కప్పు ఉండటం అంటే, ఇక అనుమతి అడగకుండా కూర్చుని మాట్లాడుకోవచ్చునని అర్థం. కులవాడలో పుట్టిన సమావేశం నగరపు ప్రధాన మార్గం మీదికి వచ్చింది. చాదర్‌ఘాట్ అంటే అంతవరకు ఒక రేవు, ఒక వంతెన. ఈ భవనంతో అది హైదరాబాద్ దళితులకు ఒక వేదిక కూడా అయింది.

1931లో ఆయన ఒక పత్రిక ప్రారంభించారు. దాని పేరు ‘భాగ్యనగర్’. 1937లో ఆ పేరును ‘ఆది హిందూ’గా మార్చారు. భాగ్యనగరం అన్న మాట చుట్టూ ఇవాళ ఎంత రాజకీయం నడుస్తున్నదో మనకు తెలుసు. నగరానికి ఆ పేరు ఎవరి వల్ల వచ్చింది, ఆ భాగ్యం ఒక రాణిదా, ఒక దేవతదా అన్న వాదులాట ఎన్నికల సభల దాకా వచ్చింది. ఆ వాదులాటలో ఏ పక్షమూ ఈ మూడో భాగ్యాన్ని తలచుకోదు. 1931లోనే భాగ్యనగర్ అన్న పేరును తన పత్రికకు పెట్టుకున్నవాడు ఒక మాల కులస్థుడు. ఆయనకు కావలసింది నగరం పేరు మారడం కాదు. ఉన్న నగరంలో తనవారికి భాగం దక్కడం.

ఒకే పేరు కింద అందరూ ఉన్నారా?

ఆయనను తలచుకోవడమంటే ఆయన పరిమితులను దాచడం కాదు. మొదటిది, ఆయన సంస్కరణలో నడవడిక బాధ్యత చాలా వరకు బాధితుల మీదే పడింది. మద్యం మానాలి, మాంసం మానాలి, శుభ్రంగా ఉండాలి అన్న మాటల్లో సవర్ణుల మెప్పు పొందాలన్న తపన కూడా ఉంది. జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలి వేదిక మీద ఆయన చేసిన ప్రచారంలో ఈ ధోరణి స్పష్టంగా కనిపిస్తుంది. రాయ్ బాలముకుంద్, వామన్ నాయక్ వంటి పై కులాల పెద్దల అండ ఆయన సంస్థలకు బలమిచ్చింది. ఆ అండే కొన్ని హద్దులూ పెట్టింది. నిజాం ప్రభుత్వంతో తెగతెంపులకు ఆయన ఎన్నడూ సిద్ధపడలేదు. బడులకు గుర్తింపు, లెక్కల్లో పేరు ఆ ప్రభుత్వం నుంచే రావలసి ఉన్నాయి.

రెండోది ఇంకా బరువైనది. ఆది హిందువు అన్న పేరు అంటరాని కులాలన్నింటినీ కలుపుతుందని ఆయన నమ్మారు. నాయకత్వం మాత్రం ఎక్కువగా మాలల చేతిలో ఉంది. ఆ పేరు కింద తమ గొంతు వినిపించడం లేదని మాదిగలు భావించారు. 1931 ప్రాంతంలో వారు అరుంధతీయ పేరున విడిగా సంఘటితమయ్యారు, జనగణనలో తమ పేరు తమకు కావాలన్నారు. అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావు వంటి సహచర నాయకులు కూడా తమ తమ సంస్థలను నిర్మించుకున్నారు. పెట్టుకున్న పేరు ఎంత గొప్పదైనా, దాని కింద బడిలో, ఉద్యోగంలో, సంఘపు కార్యవర్గంలో ఎవరి భాగం ఎంతన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఆ ప్రశ్న 1931తో ముగియలేదు. షెడ్యూల్డ్ కులాల ఉపవర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 ఆగస్టు 1న మెజారిటీ తీర్పునిచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో దాన్ని అమలులోకి తెచ్చింది. దీన్ని చీలికగా చూసేవారు, న్యాయంగా చూసేవారు ఇద్దరూ ఆది హిందువు, అరుంధతీయుల వివాదాన్ని ఒకసారి చదవాలి. ఐక్యత అన్నది పేరులో ఉండదు, పంపకంలో ఉంటుంది. వర్మ తన ప్రత్యర్థుల నుంచి ఈ పాఠం పూర్తిగా నేర్చుకోలేదు. మనం నేర్చుకోవడానికి మాత్రం ఆయన జీవితమే ఆధారం.

బోర్డు, బడి

వాడల పేర్ల మార్పు ఇవాళ మళ్లీ ప్రభుత్వాల ఎజెండాలోకి వచ్చింది. మహార్‌వాడ, మాంగ్‌వాడ వంటి కులనామాలను తొలగించి సమతానగర్, భీమ్‌నగర్ వంటి పేర్లు పెట్టాలని మహారాష్ట్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. దళితవాడలను సూచించే ‘కాలనీ’ అన్న మాటను రికార్డుల నుంచి తీసివేస్తామని తమిళనాడు ముఖ్యమంత్రి 2025 ఏప్రిల్‌లో శాసనసభలో ప్రకటించారు. మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా హరిజనవాడ, ఎస్సీ కాలనీ అన్న మాటలు బస్టాపుల మీద, ఓటరు జాబితాల్లో, రేషన్ కార్డుల్లో నిలిచే ఉన్నాయి. ఆ చిరునామా ఉద్యోగ దరఖాస్తులో రాయగానే, అద్దె ఇల్లు అడగగానే కులం బయటపడుతుంది. పేరులో ఏముందని అడగగలిగేవాడికి పేరు వల్ల ఎన్నడూ నష్టం కలగలేదని అనుకోవాలి.

పేరు ఎంత బరువైనదో 2022 మే 24న అమలాపురం చూపింది. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చినందుకు అక్కడ ఇళ్లు తగలబడ్డాయి. ఒక దళిత మంత్రి ఇల్లు కూడా అందులో ఉంది. జిల్లా కార్యాలయం బోర్డు మీద ఒక పేరు చూడలేక నిప్పు పెట్టినవారికి ఆ పేరు అర్థం స్పష్టంగా తెలుసు.

హైదరాబాద్‌లోనే ఇందుకు భిన్నమైన మరో ఘట్టం జరిగింది. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టళ్ల నుంచి బహిష్కృతులైన అయిదుగురు దళిత విద్యార్థులు ఆరుబయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. రోహిత్ వేముల అందులో ఒకడు. ఆ నెల 17న అతను మనకు లేకుండా పోయాడు. భాగ్యరెడ్డి వర్మ అవమానపు పేరును తీసివేసి గౌరవపు పేరు పెట్టారు. వందేళ్ల తరువాత ఆ విద్యార్థులు అవమానపు పేరునే తిరిగి తెచ్చి విశ్వవిద్యాలయం నడిమధ్య నిలబెట్టారు. ఈ రెండు పద్ధతులూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి. వాటి వెనుక ఉన్న హక్కు మాత్రం ఒక్కటే. మా వాడకు పేరు పెట్టేది మేమేనన్న హక్కు.

కోఠీలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ భవనం చాలా కాలంగా మహిళా కళాశాలగా ఉండి ఇప్పుడు విశ్వవిద్యాలయమయింది. ప్రభుత్వం దానికి 2024లో చాకలి ఐలమ్మ పేరును ప్రకటించింది. దొరల కొలువుకు చాకిరీ చేసిన కులాల స్త్రీ పేరు దొర కట్టిన కోఠీకి వచ్చింది. సంతోషించవలసిన మార్పు. ఆ విశ్వవిద్యాలయంలో ఐలమ్మ వారసురాళ్లకు హాస్టల్ సీటు, ఉపకారవేతనం సకాలంలో అందడం, అధ్యాపకుల ఖాళీలు నిండటం మీదనే ఆ పేరు విలువ ఆధారపడి ఉంది. కోఠీకి పక్కనే ఉన్న ఇసామియా బజార్ 1910లోనే ఈ మాట చెప్పింది.

భాగ్యరెడ్డి వర్మ జయంతిని ప్రభుత్వం ఏటా మే 22న జరుపుతున్నది. విగ్రహానికి దండ వేసే ఆ రోజున చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ఇసామియా బజార్, లింగంపల్లి, చాదర్‌ఘాట్‌ల దళిత చరిత్రను నగర చరిత్ర పాఠ్యాంశాల్లో చేర్చాలి. ‘భాగ్యనగర్’, ‘ఆది హిందూ’ పత్రికల దొరికిన సంచికలను సేకరించి గ్రంథాలయాల్లో విద్యార్థులకు అందుబాటులో ఉంచాలి. తెలుగు భాషోద్యమ చరిత్ర రాసేవారు ఆ 26 బడులను మొదటి అధ్యాయంలో చేర్చాలి. వాడల పేర్లు మార్చాలనుకునే ప్రభుత్వం ముందుగా ఆ వాడవారిని కూర్చోబెట్టి అడగాలి. వారు ఏ పేరు కోరితే ఆ పేరు పెట్టాలి. మార్చిన ప్రతి బోర్డుతో పాటు ఆ వాడలో బడి నడుస్తున్నదా, అందులో టీచరు ఉన్నాడా అన్నది కూడా లెక్క చెప్పాలి.